చేత్తో ముట్టని బంతి

రుమైథియా,
10 ఫిబ్రవరి 1999

అన్నకు,

నువ్వు కులాసాగా ఉన్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను. లేకపోయినా ఉన్నాననే చెప్పిస్తావని నాకు తెలుసు. ఇక్కడ నేను ఆరోగ్యంగానే ఉన్నాను. కోపంగా కూడా ఉన్నాను.

కోపం ఎందుకంటే, మళ్ళీ సెలవు అడిగాను. ఇంటావిడను ఈ కువైట్‌లో మామా అనాలి కదా, ఆ మామా ముందేమో రంజాన్ వెళ్ళనీ అంది. రంజాన్ వెళ్ళింది. ఇప్పుడు ఎండాకాలం మేం లండన్ పోయినప్పుడు చూద్దాం అంటోంది. ఫోనుకు తాళం వేసే ఉంటుంది. పక్కింటి డ్రైవరు గంగులయ్య చిన్నాయన ప్రతి శుక్రవారం తమ్ముణ్ణి చూడటానికి అబూ హలీఫా పోతాడు కాబట్టి, పోతూ పోతూ మీ క్లీనింగ్ కంపెనీ క్యాంపు దగ్గర ఆగుతాడు కాబట్టి, మన ఉత్తరాలు నడుస్తున్నాయి. లేకపోతే నువ్వు మహబూలాలో ఉన్నా మన ఊళ్ళో ఉన్నా నాకు ఒకటే. కారులో అరగంట దారి అట. అరగంట దూరంలో ఉన్న అన్నను ఏడాదిన్నరగా చూడలేదంటే ఎవరు నమ్ముతారు? అమ్మ అయితే మనిద్దరం సాయంత్రాలు కలిసి టీ తాగుతున్నామనుకుంటోంది. నేను కాదని రాయలేదు.

నాకు పని మారింది. మామా అత్తగారికి మోకాలి ఆపరేషన్ చేశారు. ఆమె పేరు నాకు నోరు తిరగదు, అవ్వా అని పిలుస్తాను. అర్థం కాకపోయినా పలుకుతుంది. ఆమె చేత కాలు ఆడించే వ్యాయామాలు చేయించడానికి క్లినిక్ నుంచి ఒకామె వస్తుంది. పేరు కేథరిన్, భీమవరం దగ్గర. ఆమె మాట్లాడుతుంటే పని ఆపి వినాలనిపిస్తుంది. ఆమె లేని రోజుల్లో ఆ వ్యాయామాలు నేను చేయించాలి. అవ్వ నన్ను తిడుతుంది, నేను తెలుగులో తిడతాను, ఇద్దరం నవ్వుకుంటాం.

ఫుట్‌బాల్ ఆట ఎలా సాగుతోంది? ఇక్కడ నువ్వు ఆడగా నేను ఒక్కసారీ చూడలేదు. నాకు గుర్తున్నదంతా మన ఊరి బడి గ్రౌండే. నువ్వు బడికి పోలేదు గానీ బడి గ్రౌండుకు పోయినవాడివి. మేకలను గట్టు మీద వదిలి గీత బయట నిలబడేవాడివి. బంతి బయటికి వస్తే ఎవరైనా చేత్తో ఎత్తి విసురుతారు. నువ్వు మాత్రం కాలితోనే పంపేవాడివి. నేను తరగతి కిటికీలోంచి చూస్తుంటే అయ్యవారు నా చెవి మెలిపెట్టేవాడు.

పోయినసారి పంపిన అక్షరాలు దిద్దుతున్నావా? అన్వర్ బాషా అన్న ఎంతకాలం నీ ఉత్తరాలు రాస్తాడు, ఎంతకాలం నావి చదివి పెడతాడు? నీకు చేతులు లేవా?

నీ చెల్లెలు,
కళావతి


మహబూలా,
19 ఫిబ్రవరి 1999

చెల్లెలు కళావతికి, అన్న రామాంజులు చెప్తాంటే అన్వర్ బాషా రాస్తాండాడు.

నేను బాగుండాను. తిండి బాగుండాది. నన్ను స్టోరు గదిలోనే పెట్టినారు, చీపుర్లు, బకెట్లు, సబ్బునీళ్ళ డబ్బాలు పొద్దున ఇచ్చేది, సాయంత్రం తీసుకునేది. ఏసీ ఉండాది. మా క్యాంపు పెద్ద ఈజిప్టాయన, ఆయన్ని ముదీర్ అంటాం, నేను గోలు కొట్టిన వారం పిలిచి టీ ఇస్తాడు. కొట్టని వారం 'యల్లా, యల్లా' అని తోలతాడు.

(ఇది అన్వర్ మాట: మీ అన్న గోలు కొట్టని వారాలు తక్కువే గానీ, ఆ వారాల్లో మాకు గూడా టీ ల్యాదు.)

ఈ ఏడు మా కంపెనీ టీము రెండో డివిజన్లో పైన ఉండాది. మలయాళీల టీములను, గోవా వాళ్ళ టీమును గూడా ఓడించినాం. మొదటి డివిజన్‌కు పోతే ఆటగాళ్ళందరికీ ఎండాకాలం లోపలి పని ఇస్తానని ముదీర్ మాట ఇచ్చినాడు. ఆఫీసుల్లోనో ఆసుపత్రుల్లోనో, నీడ పట్టున. పోయిన ఎండాకాలం మన నాగేశ్వర రోడ్డు మీద చీపురు పట్టుకునే పడిపోయినాడు, నీకు రాసినాం గదా. అందుకే అందరూ దీని మీదనే ఉండారు.

జుమా బజారులో ఒక షర్టు కొన్యా. వెనక తొమ్మిది నంబరు, ముందర ఏదో ఇంగ్లీషు ఊరి పేరు. అన్వర్ చదివినాడు గానీ ఆ ఊరు ఎవురికీ తెల్దు. ఇంగ్లాండులో కింది డివిజన్ టీమంట.

(అన్వర్ మాట: ఆ షర్టు తొడుక్కున్యోడు గూడా మన మాదిరి రెండో డివిజన్లోనే గోలు కోసం చచ్చినట్టుండాడు. ఏ కాలో విరిగి ఇంటికాడ కూర్చుంటే పెండ్లాము షర్టు అమ్మేసింటాది. ఇంకొక మాట చెల్లెమ్మా. బంతి గీత దాటితే మేమంతా చంకలో పెట్టుకోని తెస్తాం. మీ అన్న కాలితోనే తెస్తాడు. చేత్తో ముట్టుకునేది గోలు కాసే గోలీ పని, నాది కాదు అంటాడు. అన్నం గూడా కాలితోనే తింటాడేమోనని మా రూములో అనుమానం.)

వాడి మాటలు పట్టించుకోవాకు. అమ్మకు నేను బాగుండానని రాయి.

అన్న,
రామాంజులు


రుమైథియా,
23 ఫిబ్రవరి 1999

అన్నా,

నీ ఉత్తరం మడతలో నీ చీటీ దొరికింది. ముందు మన అక్షరాల కాగితమే తిరిగి పంపావనుకున్నాను. తర్వాత చదివాను. 'కళా మోకాలు పోయింది. ఆటలో తిరిగితే లోపల టప్పుమనింది. ఎవురికీ చెప్పాకు. ఏం చేయాల.' నువ్వు సొంతంగా రాసిన మొదటి మాటలు ఇవేనా? నాకు ఏడుపు, సంతోషం రెండూ వచ్చాయి. సొంతంగా రాశావంటే ఇక సొంతంగా చదువుకుంటావు కదా, అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

కేథరిన్‌ను అడిగాను. నీ పేరు చెప్పలేదు, మా అన్న అన్నాను. ఆమె అవ్వ కాలు పట్టుకునే మాట్లాడింది.

"తిరిగినప్పుడు టప్పుమందా అండి? సాయంత్రానికి వాచిందా? మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టు ఉంటోందా?"

వాచిందో లేదో నాకేం తెలుసు? చూసి ఏడాదిన్నర అయిందని ఎలా చెప్పను? అవునండీ అన్నాను.

"అయితే ఎముక కాదమ్మా. మోకాలి లోపల రెండు ఎముకల్నీ పట్టుంచే పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగుంటుంది. దానంతటది అతుక్కోదు. మీ అన్నయ్యగారిని ఆడొద్దని చెప్పండి. నడవచ్చు, కూర్చోవచ్చు, పని చేసుకోవచ్చు. పరుగెత్తి గబుక్కున తిరిగారంటే మాత్రం పక్కనున్న మెత్తటి గుజ్జు కూడా నలిగిపోద్ది. ఆనక జీవితాంతం కుంటడవే."

కువైట్‌లో నిన్ను గారు అన్నది ఈమె ఒక్కతే అయ్యుంటుంది.

అన్నా, బాగా విను. ఇక ఆడవద్దు. ఈ శుక్రవారమే కాదు, మంచి డాక్టరు ఫొటో తీసి చూసేవరకు ఏ శుక్రవారమూ ఆడవద్దు. వాపు ఉంటే గుడ్డలో మంచుముక్కలు కట్టి పెట్టు. కాలు చాచి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ బిగించి ఆ తువ్వాలును కిందికి నొక్కు. కాసేపు బిగించి వదులు. ఇది అవ్వ చేసేదే. ముసలామె వ్యాయామం అని నవ్వకు, తొడ గట్టిపడితే మోకాలికి ఆసరా అట. ముదీర్‌తో జ్వరమని చెప్పు, కడుపునొప్పి అని చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

గంగులయ్య చిన్నాయన చేతికి మామిడికాయ ఊరగాయ ఇస్తున్నాను. మామాకు తెలియకుండా వంటింట్లో ఓ మూల పెట్టినది, నూనె కాస్త తక్కువైంది. అవ్వ కాలు బాగవుతోంది. నీది కూడా బాగవ్వాలి.

వెంటనే జవాబు రాయి, నీ చేత్తో.

కళావతి


మహబూలా,
5 మార్చి 1999

చెల్లెలు కళావతికి అన్న రామాంజులు చెప్పించేది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను స్టోరులో ఉండా. అన్వర్ తెచ్చి పెట్టినాడు, మధ్యాన్నం అన్నాలయినాక అలవాటుగా చదివినాడు, అందరం విన్యాం. ఊరగాయ అందింది, పదిమందీ తిన్యారు, నూనె తక్కువని ఎవురూ అనలే. ముసలామె కాలు బాగవుతాందని రాసినావు. సంతోషం. ఆమె నిన్ను తిట్టేది, నువ్వు ఆమెను తిట్టేది, మొత్తం రాసినావు. అందరూ నవ్వినారు.

నేను అడిగిందానికి మాత్రం జవాబు ల్యాదు. నేను ఏమి అడిగినానో నీకు తెలుసు. ఒక్క మాటన్నా రాయలే. సరేలే, చదువుకున్నదానివి, పెద్దింట్లో పని, మా సంగతులు ఎందుకు గుర్తుంటాయి.

పోయిన శుక్రవారం ఆడినా, గోలు కొట్టినా. ఈ దినం గూడా ఆడినా, రెండు గోల్లు కొట్టినా. బాగుండాను. అడిగింది మరిచిపో.

రామాంజులు


రుమైథియా,
10 మార్చి 1999

అన్నా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. నాలుగు పేజీలు రాశాను, వాటిలో ఊరగాయ ఒక్క వాక్యం. నేను రాసిందంతా ఎక్కడికి పోయింది? ఆడవద్దని అన్నిసార్లు చెబితే, అడిగినదానికి జవాబు లేదంటావా? వినడం ఇష్టం లేక నా మీదికి నెడుతున్నావనుకున్నాను. రెండు రోజులు అవ్వను కూడా సరిగ్గా పలకరించలేదు.

నిన్న గోడ దగ్గర గంగులయ్య చిన్నాయన కనిపించి నవ్వాడు. "ఊరగాయ గురించి భలే రాసినావు పాపా. అన్వర్ చదువుతాంటే నేనూ ఆడనే ఉండా, తమ్ముడింటికి పోలే. రూమంతా నవ్వులే నవ్వులు."

"మోకాలి గురించి రాసింది కూడా చదివాడా చిన్నాయనా?"

"యా మోకాలు? ముసలామె మోకాలేగా? చదివినాడు."

"ఇంకెవరి మోకాలూ రాలేదా?"

"ఇంకెవురిది వస్తాది?" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

అందుకే ఇక్కడి నుంచి ఈ ఉత్తరం అన్వర్ బాషా అన్నకు. అన్నా, ఎవరికి వచ్చిన ఉత్తరమైనా మీ గదిలో అందరికీ చదివే అలవాటని నాకు తెలియదు. మా అన్న సొంతంగా చదువుకుంటాడనుకున్నాను. అది నా పొరపాటు. కానీ నువ్వు చదివావు. నీ కళ్ళతో చదివావు. ఆడితే కుంటివాడవుతాడని కేథరిన్ చెప్పింది చదివి, దాన్ని మింగి, ఊరగాయ గురించి పైకి చదివావు. తర్వాత వాడు రెండు శుక్రవారాలు ఆడితే నువ్వు గోల్‌లో నిలబడి చూశావు. ఎందుకు? నాకు అర్థం కావడం లేదు. ఇన్నాళ్ళూ నీ మాటల కోసమే ఆ ఉత్తరాలు రెండోసారి చదువుకునేదాన్ని.

దీనితో రెండో కాగితం ఉంది. పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ విడిగా, మా అన్నకు నేను నేర్పిన పద్ధతిలో రాశాను. దాన్ని నువ్వు చదవకు. వాడి చేతికి ఇవ్వు. అంతకంటే నేను అడిగేదేమీ లేదు.

కళావతి


మహబూలా,
12 మార్చి 1999

చెల్లెమ్మకు అన్వర్ బాషా రాసేది. వాడు పక్కనే కూర్చోనుండాడు. ముందు నువ్వు రాయి, తర్వాత నాది చెప్తా అన్యాడు.

రెండో కాగితం వాడికి ఇచ్చినా. చదవలే, నా మాట నమ్ము.

ఆ దినం నీ ఉత్తరం విప్పి, పై నుంచి చదువుకుంటా పోతాండా. మోకాలు అనే మాట వచ్చింది. మా రూములో ముదీర్‌కు చెప్పే మనిషి ఒకడుండాడు. చదివితే తెల్లారేలోగా స్టోరు పోతాది, వాడు రోడ్డు మీద. అందుకని ఎగరగొట్టి ఊరగాయ కాడికి వచ్చినా. ఊరగాయ అయిపోతే ముసలామె తిట్లు నేనే కొన్ని కల్పించినా. ఆటకు పోయే ముందర నీళ్ళ లైన్లో వాడొక్కడే ఉన్నప్పుడు చెప్దాం అనుకున్యా. లైన్లో ఇంకొకడుండె. సరే ఆట అయినాక అనుకున్యా. ఆటలో వాడు గోలు కొట్టినాడు. చూస్తే కుంటడంల్యా. ఆడోళ్ళ భయం, ఏముండదులే అనిపించింది. ఇంకొక్క శుక్రవారం అనుకున్యా. ఇంకో రెండు గోల్లు. పోయిన ఎండాకాలం నాగేశ్వరను ఎత్తి నీడకు మోసింది నేనే చెల్లెమ్మా. వాడి ఒళ్ళు నా చేతులకు కాలింది. ఇదంతా రాస్తాంటే నాకే సరిగా అనిపించడంల్యా. ఉన్నది రాసినా.

ఇంక వాడు చెప్పేది.

కళా. కాగితం చదివినా. అన్నాలకు గూడా పోకుండా చదివినా. 'అన్నా. లోపల తెగింది. ఆడవద్దు. ఆడితే కుంటుతావు. ముందే రాశాను. కళ.' ఎవురూ చెప్పకుండా నేను చదివిన మొదటి ఉత్తరం ఇదే. చదువు చదువు అని చిన్నప్పటి నుంచి పోరితివి. చదివితే ఇదే ఉండాదా అందులో?

నిన్ను మాటలన్యా. ఊరగాయ గురించే రాసినావని మనసులో ఇంకా శానా అన్యా. అవన్నీ నువ్వు మరిచిపో.

అన్వర్‌ను కొడదామనిపించింది. కొట్టలే. వాడు తల దించుకోని రాస్తాండాడు చూడు, ఇది గూడా రాస్తాండాడు.

వచ్చే శుక్రవారం ఆఖరి ఆట. గెలిస్తే మొదటి డివిజన్. నేను ల్యాకుంటే గోలు కొట్టేవాడు ల్యాడని అందరికీ తెలుసు. నేను స్టోరులో కూర్చుంటే తలుపు కాడికి వచ్చి, చీపురు తీసుకోని, నా మొహం చూసి పోతాండారు. ఎవురూ ఏమీ అడగరు. ఏం చేయాలో నాకు తెల్దు. నువ్వు రాసింది నాకు తెలుసు. ఆడకపోతే ఏమవుతాదో అది గూడా తెలుసు.

రామాంజులు


రుమైథియా,
24 మార్చి 1999

అన్నా,

గంగులయ్య చిన్నాయన అంతా చెప్పాడు. నీ పక్షాన చెప్పాడు, నాకు కోపం రాకుండా చెప్పాడు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

"మొదటి సగం మీ అన్న గీత బయటే కూర్చోనుండె పాపా, ఆ ఇంగ్లీషు షర్టు తొడుక్కోని. మనోళ్ళు ఒక్కతూరి గూడా అవతలి గోలు కాడికి పోలే. రెండో సగం సగమయినాక లేచి బూట్ల దారాలు బిగించుకున్యాడు. ఎవురూ పొమ్మనలే. ఎవురూ వద్దనలే."

"అన్వర్ ఏం చేశాడు?"

"గోలు కాడినుంచి చెయ్యి ఊపినాడు. పొమ్మనో వద్దనో నాకు తెల్లా. కొంచేపటికి బంతి వచ్చింది. మీ అన్న కుడికాలి మీద తిరిగి కొట్టినాడు. గోలే. మనోళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఎగుర్తాండారు. ఈయన కింద పడుండాడని ఎవురూ చూడలే. గోలీ ఒక్కడే ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తుకొచ్చినాడు. మీ అన్నను తానే ఎత్తుకున్యాడు."

చెబుతుంటే చిన్నాయన మొహం వెలిగిపోతోంది. "ఊరోడు పాపా! మనోడు! గ్రౌండంతా 'అంజుల్, అంజుల్' అని వాడి పేరే!" నేనేం చేయాలి? చప్పట్లు కొట్టాలా?

నువ్వు చదివావు. అర్థం కాక కాదు, అన్వర్ దాచి కాదు, నీ కళ్ళతో చదివి ఆడావు. ఇన్నాళ్ళూ నీకు చదువు వస్తే చాలు అనుకున్నాను, చదువు వస్తే మనిషి వింటాడనుకున్నాను. ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. నా మాటకు నీ దగ్గరే విలువ లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది? మామా దగ్గరా?

కేథరిన్‌కు చెప్పలేదు. "అన్నయ్యగారు ఆపేశారా అండి?" అని అడిగింది. ఆపేశాడండీ అన్నాను. ఇప్పుడది నిజమే కదా.

ఇప్పుడు ఎలా ఉన్నావో రాయి. బాగున్నానని రాయకు.

కళావతి


మహబూలా,
9 ఏప్రిల్ 1999

కళకు,

బాగలేను. రాయమన్యావు గదా, అందుకే చెప్తాండా.

మోకాలు గుమ్మడికాయ మాదిరి వాచె. ఇప్పుడు దిగింది గానీ నడిస్తే పక్కకు పోతాది. క్యాంపుకు వచ్చే డాక్టరు నొప్పి మాత్రలు ఇచ్చినాడు. ఆపరేషన్ అంటే మీ దేశంలో చేసుకో అన్యాడు. ముదీర్ వచ్చి కాలు చూసి 'ఖలాస్' అన్యాడు. అంతే, ఇంకొక మాట ల్యా. స్టోరులో ఇప్పుడు కొత్తగా వచ్చిన గోవా పిల్లోడుండాడు. బాగా ఆడతాడంట.

మాట మాత్రం నిలబెట్టుకున్యాడు. పదిమందికీ లోపలి పని వచ్చింది. అన్వర్‌కు ఆసుపత్రి. నాకు ల్యాదు, నేను ఇప్పుడు ఆటగాడిని కాదు గదా. అన్వర్ పోయి నా పని వాడికి ఇవ్వండి, నేను రోడ్డు మీదికి పోతా అన్యాడంట. ముదీర్ 'నువ్వు గోలీవి' అని తోలేసినాడు.

నీ మాటకు విలువ ల్యాదని రాసినావు. అది తప్పు. నీ కాగితం షర్టు లోపల పెట్టుకోనే ఆడినా. ఇక్కడ పని కాడ నన్ను హిందీ అంటారు, రఫీక్ అంటారు, ఏయ్ అంటారు. పేరు పెట్టి పిలిచేది గ్రౌండులోనే. ఆ దినం బయట కూర్చుంటే ఎవురూ పిలవలే. కూర్చోలేకపోయినా. నీకు ఇది అర్థం కాకపోతే నేను చెప్పలేను.

యాడ పని వేస్తారో ఇంకా తెల్దు.

(అన్వర్ మాట: చెల్లెమ్మా, నేను రాసే ఆఖరి ఉత్తరం ఇది. వాడి ఉత్తరం నా చేతిలో ఉండకూడదు. డ్యూటీ నుంచి వచ్చినాక వాడి చేత అక్షరాలు దిద్దిస్తాండా. ఒత్తుల కాడ నన్ను బూతులు తిడతాండాడు. పడతాండా.)

రామాంజులు


రుమైథియా,
5 మే 1999

అన్నా,

ఎందుకు చెప్పలేదు?

ఈ రోజు పొద్దున అవ్వ చేత కాలు చాపించి తువ్వాలు పెడుతున్నాను. పై గది కిటికీ వీధి వైపు ఉంటుంది. ఏసీ గది కాబట్టి అద్దం తెరుచుకోదు. కింద పసుపు బట్టల్లో ఒకాయన చెత్త ఊడుస్తున్నాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఎవరో పాపం అనుకున్నాను. పాపం అనుకుని అవ్వ వైపు తిరిగాను. మళ్ళీ చూశాను.

ఏడాదిన్నరగా సెలవు అడుగుతున్నాను. రంజాన్ అన్నారు, లండన్ అన్నారు. చివరికి ఆ ఖలాస్ అన్న మనిషి నిన్ను నా వీధికే పంపాడు. అరగంట దూరం పోయి మెట్ల దూరమైంది. ఆ మెట్లు దిగినా వీధిలోకి రాలేను, వీధి గేటు తాళం మామా దగ్గరే ఉంటుంది. అద్దం మీద కొట్టాను. పేరు పెట్టి అరిచాను. నువ్వు తల ఎత్తలేదు. "ఎవరు?" అని అవ్వ అడిగింది. "అఖూయ్, మా అన్న" అన్నాను. ఆమె చాలాసేపు కిందికి చూసి, "నీళ్ళు ఇవ్వు" అంది. నేను ఎలా ఇవ్వను? గోడ మీదుగా గంగులయ్య చిన్నాయనకు సీసా అందించాను. నీకు చేరిందా?

నేను చూసింది చెప్పనా? ఎదురింటి పిల్లలు బంతి ఆడుతున్నారు. అది గేటు దాటి దొర్లుకుంటూ నీ దగ్గరికి వచ్చింది. నువ్వు చీపురు గోడకు ఆనించావు. కొడతాడు, మళ్ళీ ఆ కాలితోనే కొడతాడు అనుకున్నాను. నువ్వు వంగావు. బంతిని చేత్తో ఎత్తి, నడుచుకుంటూ పోయి, ఆ పిల్లవాడి చేతిలో పెట్టావు.

అప్పుడు నేను కూర్చుండిపోయాను. ఆడవద్దు ఆడవద్దు అని రాసిందాన్ని నేనే. నువ్వు ఆడలేదు. మరి నాకు ఎందుకు ఇంత బాధ? అవ్వ తన ముసుగు కొసతో నా మొహం తుడిచింది.

ఇక కోప్పడను. రేపు కూడా ఇటే వస్తావా?

కళ


రుమైథియా, రోడ్డు మీద
7 మే

కళా

నేనే రాస్తాండా. అన్వర్ ల్యాడు. తప్పులుంటాయి.

నీ వీధి అని ముదీర్‌కు తెల్దు. నాకు తెలుసు. చెప్తే కిటికీ కాడనే ఉంటావు, పని చేయవు, మామా తిడతాది. అందుకే చెప్పలే.

నీళ్ళు అందినాయి. చల్లగా ఉండాయి.

అద్దం కొట్టింది విన్యా. తల ఎత్తితే నువ్వు ఏడుస్తావు. నేను గూడా.

బంతి వచ్చినప్పుడు కాలు దానంతట అదే లేచింది. ఆపినా. కాలితో కొడితే నువ్వు పై నుంచి చూస్తావు. మళ్ళా నాలుగు పేజీలు రాస్తావు. అవి చదవాలంటే నాకు వారం పడతాది. అందుకే చేత్తో ఇచ్చినా.

గోడ నీడన కూర్చున్నప్పుడు తువ్వాలు పెట్టి నొక్కుతాండా. అవ్వతో చెప్పు, ఆమె చేసేదే నేనూ చేస్తాండానని. రేపు గూడా వస్తా.

ఒక మాట. బంతి ఎప్పుడూ చేత్తో పట్టుకోలే గదా, శానా బరువుంటాది అనుకున్యా. చేతిలోకి తీసుకుంటే ఏమీ బరువు ల్యాదు కళా.

రామాంజులు